ఊరి అలవాటు, దీవి నేల: మిన్నీ బే తోటపనివారికి చేయవలసినవి – చేయకూడనివి

కాకినాడ కంటే సుమారు 40 నిమిషాల ముందు మిన్నీ బేలో పొద్దెక్కుతుంది. మన దేశ గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. అండమాన్ 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తేడా. అంటే ఇక్కడ గడియారం పదకొండు దాటిన కాసేపటికే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఊరి అలవాటు ప్రకారం ఒంటిగంటకు అన్నాల వేళ పెట్టుకున్న మేస్త్రీ, తన మనుషులను ఆ రోజు ఎండలోకెల్లా గట్టి ఎండలో నిలబెట్టాడన్నమాట. తప్పు మేస్త్రీది కాదు, అలవాటుది.

మిన్నీ బే శ్రీ విజయపురం నగరంలో ఒక పేట. 2024 సెప్టెంబరు దాకా ఆ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్. జంగ్లీఘాట్‌కు చేరువలో, రేవు లోపలి నీటి అంచున ఉంటుంది. నౌకాదళ నివాసాలు, వాలు నేలల మీద పచ్చిక, కొబ్బరి చెట్లు, రోడ్డు పక్క కాలువలు, నీటి ఒడ్డున మడ చెట్లు. ఇలాంటి చోట గడ్డి కోత, కొమ్మల నరుకుడు, కాలువల శుభ్రత ఏడాది పొడుగునా ఆగని పని. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది తెలుగువాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు అందులో ఎన్నో. పార, కొడవలి పట్టడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవలసింది ఈ నేల గురించి.

కాబట్టి కింది ప్రతి మాట వెనుకా ఒకటే ప్రశ్న ఉంది: ఊళ్లో చేసినట్టే ఇక్కడా చేస్తే ఏమవుతుంది?

1. గడ్డిలోకి దిగే ముందు

ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖకు పడేదానికి రెండున్నర రెట్లకు పైనే. కొన్ని వారాలు వదిలేస్తే గడ్డి మోకాలెత్తు లేస్తుంది. దాని కింద ఏముందో పైకి కనబడదు.

చేయవలసినవి
- యంత్రం తీయకముందే కోయబోయే జాగా అంతా కర్రతో తట్టుకుంటూ ఒక చుట్టు తిరగండి. రాళ్లు, పగడపు పలుకులు, గాజు పెంకులు, తీగ ముక్కలు, కొబ్బరి డొక్కలు ఏరి అవతల పడేయండి.
- మూతలేని గుంతలు, కాలువ అంచులు, నేలలో పైకి తేలిన పైపులు కనబడితే పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. వెనక వచ్చేవాడికి అదే కన్ను.
- నిండు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, మోకాలి కిందిదాకా వచ్చే గమ్ బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునే మన కూలి ఆడవాళ్ల అలవాటు ఇక్కడా మంచిదే. కొంగు మాత్రం చొక్కా లోపలికి దోపాలి.
- బూట్లు తొడుక్కునే ముందు బోర్లించి దులపండి. రాత్రి వాటిలో ఎవరు కాపురం పెట్టారో తెలియదు.
- ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే, వేయించుకోవలసిన వేళ అయిందనే లెక్క.

చేయకూడనివి
- లుంగీతో, హవాయి చెప్పులతో గడ్డిలోకి దిగకండి.
- కనబడని చోట చేయి పెట్టకండి. రాలిన మట్టల కుప్ప, రాళ్ల సందు, పాత పూలకుండీ అడుగు, వీటిని ముందు పలుగుతోనో కర్రతోనో కదిలించండి.
- ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా ఆవరణ చివరికి పోకండి.

2. ఎండ, ఉక్క, వాన

దీవి ఉక్కలో చెమట ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే ఎండ అంతగా లేదనిపించిన రోజున కూడా వడదెబ్బ తగులుతుంది.

చేయవలసినవి
- జూన్‌లో ఐదింటికే పొద్దు పొడుస్తుంది. బరువు పనులు ఐదున్నరకు మొదలుపెట్టి పది లోపు ముగించండి. పది నుంచి రెండు దాకా నీడలో చేసే పనులు పెట్టుకోండి: పదును పెట్టడం, కుండీల పని, నారు పని.
- దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, గంజి, కొబ్బరి నీళ్లు ఒంటికి ఇంకా మంచివి.
- కొత్తగా ఓడ దిగిన మనిషికి మొదటి వారం సగం పనే ఇవ్వండి. ఒంటికి ఉక్క అలవాటు కావాలి.
- తోటివాడు తడబడుతూ మాట్లాడినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, నీళ్లతో తడిపి విసరండి. ఆసుపత్రికి కబురు పంపండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

చేయకూడనివి
- ఉరుము వినబడ్డాక బయలు జాగాలో, ఒంటరి చెట్టు కింద ఉండకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి మళ్లీ దిగండి. నైరుతి రుతుపవనం మామూలుగా మే మూడో వారం ప్రాంతంలో ఇక్కడికి వచ్చేస్తుంది, ఊళ్లో ఇంకా రోహిణి ఎండలు మొదలు కాకముందే.
- డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. మసక వెలుతురులో యంత్రం నడపకండి.

3. గడ్డి కోసే యంత్రం

బ్రష్ కట్టర్ ఇప్పుడు ప్రతి కాంట్రాక్టరు చేతిలో ఉంది. కొడవలి ఎవరు పట్టుకుంటే వాళ్లనే కోస్తుంది. ఈ యంత్రం అలా కాదు, పదడుగుల అవతల సైకిల్ మీద పోయే పిల్లవాడి కన్నునూ తీయగలదు. తిరిగే బిళ్ల అంచుకు తగిలిన గులకరాయి ఎటు ఎగురుతుందో నడిపేవాడికీ తెలియదు.

చేయవలసినవి
- చుట్టూ 15 మీటర్ల లోపు ఇంకో మనిషి లేకుండా చూసుకోండి. ఎవరైనా దగ్గరికి వస్తే మొదట యంత్రం ఆపండి, తర్వాత మాట్లాడండి.
- ముఖానికి జాలీ కవచం, దాని కింద కళ్లద్దాలు, చెవులకు బిరడాలు పెట్టుకోండి. మన కార్ఖానా నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి శబ్దం హద్దు 90 డెసిబెల్స్. బ్రష్ కట్టర్ మోత మామూలుగా ఆ హద్దు దాటుతుంది. చెవి ఒక్కరోజులో పోదు, అందుకే పోయిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది.
- గోడ, కారు, కిటికీ, పగడపు రాళ్లు ఉన్న చోట నైలాన్ దారమే వాడండి. ఇనుప బిళ్లను ముదురు పొదలకు ఉంచుకోండి.
- అరగంటకోసారి యంత్రం దించి చేతులు దులపండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, తెల్లబడుతున్నా ఆ రోజుకు పని మార్చుకోండి. అది యంత్రం వణుకు నరాలకు, రక్తనాళాలకు చేస్తున్న చేటు.
- వాలు మీద తోసే లాన్ మోవర్‌ను అడ్డంగా నడపండి, పైకీ కిందికీ కాదు. జారితే కాలు బ్లేడు కిందికి పోయేది అప్పుడే.
- గడ్డి చుట్టుకుని తిరగడం ఆగితే, ముందు ఇంజను ఆపి, ప్లగ్ క్యాప్ ఊడదీసి, ఆ తర్వాతే చేయి పెట్టండి.

చేయకూడనివి
- గడ్డి ఇరుక్కుంటోందని బిళ్ల వెనకున్న రక్షణ రేకు విప్పేయకండి. అది ఉన్నదే మీ కాళ్ల కోసం.
- నైలాన్ దారం త్వరగా అరిగిపోతోందని దాని బదులు ఇనుప తీగ, సైకిల్ బ్రేకు తీగ కట్టకండి. తెగిన తీగ ముక్క తూటాలా పోతుంది. మిగిలిన పదిరూపాయలు కట్టు గుడ్డకు కూడా చాలవు.
- వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి. పది నిమిషాలు చల్లారనిచ్చి పోయండి. పోసిన చోటు నుంచి మూడు మీటర్లు అవతలికి జరిగి స్టార్ట్ చేయండి. ఆ దరిదాపుల్లో బీడీ వద్దు.
- తడిసిన వాలు మీద చక్రాల యంత్రం దింపకండి. ఇక్కడి నాచు నేల జారుడు బండతో సమానం.

4. కొబ్బరి, కొమ్మ, కరెంటు తీగ

కోనసీమ దింపు కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కితే చూడ్డానికి తేలికగా ఉంటుంది. కానీ వానలు వదలని ఈ దీవిలో కొబ్బరి మాను పాచి పట్టి ఉంటుంది. పాదం బంధంలో ఉన్నా పట్టు జారుతుంది. ఊళ్లో వందల చెట్లెక్కిన మనిషే ఇక్కడ పదో చెట్టు మీంచి జారవచ్చు.

చేయవలసినవి
- చెట్టెక్కే యంత్రం, నడుముకు, భుజాలకు పట్టే బెల్టు, అదనపు తాడు వాడండి. మాను తడిగా ఉంటే ఆ పూటకు మానుకోండి.
- దింపు తీసేటప్పుడు కింద తాడు కట్టి దారి మూసేయండి. గెలే కాదు, ఎండిన మట్ట కూడా తల పగలగొడుతుంది. దారి పక్క, బెంచీల మీద వాలిన చెట్లకు కాయ ముదరకముందే దింపు తీయించండి.
- చెట్టు పడగొట్టేటప్పుడు దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. పడే దిక్కుకు వెనకగా, కాస్త పక్కకు తప్పుకునే దారి ముందే శుభ్రం చేసుకోండి.
- తుపాను తర్వాత వంగి బిగుసుకున్న కొమ్మలను ఒక్క వేటుకు నరకకండి. విల్లులా తిరిగి కొడతాయి. కొద్దికొద్దిగా బిగువు వదిలించండి. 2013 నవంబరు 25న లెహర్ తుపాను పోర్ట్ బ్లెయిర్ దగ్గరే తీరం దాటి, చివరకు బలహీనపడి మూడు రోజులకు మచిలీపట్నం వైపు వచ్చింది. మన ఒడ్డుకు చేరేసరికి నీరసించే గాలి ఇక్కడ బలంగానే ఉండవచ్చు.

చేయకూడనివి
- కరెంటు తీగకు మూడు మీటర్ల లోపు కొమ్మ ఉంటే ముట్టుకోకండి. విద్యుత్ శాఖకు చెప్పి లైను ఆపించాకే నరకాలి. అల్యూమినియం నిచ్చెన, ఇనుప దోటి నిలువుగా ఎత్తుకుని తీగల కింద నడవకండి.
- నేలమీద పడిన తీగ చచ్చిందని ఎవరో చెప్పారని దగ్గరికి పోకండి.
- నిచ్చెన మీద నిలబడి, భుజాల పైకెత్తి చైన్ సా నడపకండి.
- గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలు మంట వేసుకోకండి, వాటితో టీ కాచుకోకండి. ఆ కొమ్మల పాలు చేతికంటితే కడుక్కున్నాకే అన్నం ముట్టండి.

5. మందు పిచికారీ

కలుపు మందుల్లో ఎక్కువగా వినబడే గ్లైఫోసేట్‌ను 2022 అక్టోబరులో కేంద్రం కట్టడి చేసింది. అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే దాన్ని చల్లాలని ఆ ఉత్తర్వు చెప్పింది. మేస్త్రీ చెప్పాడని తోటమాలి పంపు భుజాన వేసుకోనక్కర్లేదు. ఇంకో మందు పారాక్వాట్. మింగితే దానికి విరుగుడు లేదు.

చేయవలసినవి
- డబ్బా మీద రంగు చూడండి: ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, తక్కువని.
- గాలి వీపు మీదికి వచ్చేలా నిలబడి చల్లండి. పని కాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు ఇంటి బట్టల్లో కలపకుండా ఉతకండి.

చేయకూడనివి
- మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచకండి. మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదకండి.
- వాన మబ్బు కమ్మినప్పుడు చల్లకండి. ఈ వాలుల మీద మందంతా గంటలో సముద్రంలో ఉంటుంది.

6. పాము, జెర్రి, నత్త

ఊళ్లో భయపెట్టే రక్తపింజరి, చిన్నపింజరి ఈ దీవిలో లేవు. వాటి బదులు ఆకుల రంగులో కలిసిపోయి కొమ్మమీదే ఉండే గుంట పింజరులున్నాయి. అండమాన్ నాగు, అండమాన్ కట్లపాము, రాచనాగు కూడా ఉన్నాయి. మన దేశంలో దొరికే విషవిరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలతో తయారవుతుంది. దీవి పాములన్నిటిమీదా అది ఒకేలా పనిచేస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఇక్కడ మందు కన్నా ముందుచూపే గట్టిది.

చేయవలసినవి
- కంచె మొక్కలు కత్తిరించేటప్పుడు తల ఎత్తు కొమ్మలను కూడా చూడండి. ఊళ్లో పాము కోసం నేల చూస్తాం, ఇక్కడ కొమ్మా చూడాలి.
- పాము కరిస్తే మనిషిని కదలనివ్వకండి. కరిచిన చేతికో కాలికో బద్ద కట్టి, ఉంగరాలు, కడియాలు తీసేసి, వేళ గుర్తుపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. కట్లపాము కాటు నొప్పి, వాపు లేకుండానే ఉండవచ్చు. ఏం కాలేదులే అని ఇంటికి పంపకండి.
- జెర్రి ఇక్కడ జానెడు దాకా ఉండవచ్చు, కుడితే మంట భరించలేరు. సబ్బుతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా ఆసుపత్రికి పరుగెత్తండి.
- చెట్టు కింద యంత్రం స్టార్ట్ చేసే ముందు పైన కందిరీగల గూడు, తేనెపట్టు ఉందేమో చూడండి.

చేయకూడనివి
- కాటును కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించకండి. పామును చంపి తేవాలని వెంట పడకండి. దూరం నుంచి ఫోనులో ఫొటో చాలు.
- ఆఫ్రికా పెద్ద నత్తలను ఒట్టి చేత్తో ఏరకండి. రెండో ప్రపంచయుద్ధంలో జపాను ఆక్రమణ నాటి నుంచి దీవుల్లో పాతుకుపోయిన ఈ నత్తలు మెదడుకు హాని చేసే పురుగును మోయగలవు. తొడుగుతో ఏరి, చేతులు కడుక్కోండి.

7. మడ అంచున

కోరంగిలో తిల్ల చెట్టు తెలిసినవాళ్లకు దాని పాల సంగతి తెలుసు. కంట్లో పడితే చూపు పోయేంత మంట. ఆ చెట్టు అండమాన్ మడల్లోనూ ఉంది. చెట్టే కాదు, ఇక్కడ ఒడ్డు కూడా నమ్మరానిది. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ లాంటి పల్లపు పొలాల్లోకి పోటు నీరు వచ్చి నిలిచిపోయింది. ఒడ్డు ఎక్కడుందో పాత గుర్తులతో చెప్పలేం.

చేయవలసినవి
- ఒడ్డు పక్క పని పెట్టుకునే ముందు ఆనాటి పోటు వేళ తెలుసుకోండి. పోటు ఎక్కే ముందే పైకి వచ్చేయండి.
- తిల్ల పాలు కంట్లో పడితే 15 నిమిషాల పాటు మంచినీళ్లు ధారగా పోస్తూ కడిగి కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.
- భూమి గట్టిగా ఊగితే యంత్రం అక్కడే వదిలి ఎత్తుకు పరుగెత్తండి. సైరను కోసం ఎదురుచూడకండి.

చేయకూడనివి
- చూపు అడ్డమని మడ కొమ్మ నరకకండి. అవి తీర నియంత్రణ నిబంధనల కింద రక్షణ ఉన్నవి. నరకమన్నది యజమాని అయినా, కత్తి పట్టుకుని దొరికేది మీరు.
- సందెవేళ నీటి వాగుల్లోకి, మడ కాలువల్లోకి దిగి పనిముట్లు కడగకండి. ఉప్పునీటి మొసలి నీళ్లమీద మాను ముక్కలా ఉంటుంది.

8. పని చేయించేవారికి

రక్షణ సామగ్రి ఇచ్చి కూలిలో కోసుకోకండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి, భద్రత కోసం చేసిన ఖర్చును కార్మికుడి నుంచి వసూలు చేయరాదంటోంది. బూట్లు అందరి కొలతల్లోనూ తెప్పించండి. ఆడవాళ్లకు మగవాళ్ల కొలత ఇస్తే అవి మూల పడతాయి. చదరపు మీటర్ల లెక్కన కూలి కడితే మనిషి విరామం ఎగ్గొడతాడు, రక్షణ రేకు విప్పేస్తాడు. రోజు కూలి కట్టండి. హెచ్చరికలు హిందీలోనే కాక తెలుగు, తమిళం, బెంగాలీల్లోనూ రాయించండి. మందుల పెట్టె ఆఫీసు గదిలో కాదు, పనిచోట ఉండాలి. ప్రమాదం జరిగితే ఎవరు 112కు ఫోను చేయాలో, ఏ బండిలో జీబీ పంత్ ఆసుపత్రికి పోవాలో పొద్దున్నే తేల్చి ఉంచండి.

9. చివరిగా, జ్వరం గురించి

పైవన్నీ పాటించిన మనిషిని కూడా పట్టేది ఒకటుంది. ఎలుక మూత్రం కలిసిన బురద నీటి నుంచి, కాలి పగుళ్ల గుండా, నానిన చర్మం గుండా ఒంట్లోకి పోయే లెప్టోస్పైరోసిస్. మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు. అండమాన్‌కు దీనితో పాత పరిచయం. ఖైదీల స్థావరం ఉన్న రోజుల్లోనే, 1931లో, టేలర్, గోయల్ అనే పరిశోధకులు ఇక్కడి ఎలుక జ్వరం మీద నివేదిక ప్రచురించారు. 1980ల చివర్లో ఊపిరితిత్తుల్లో రక్తం కారే జ్వరాలు చెలరేగి, అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని పేరు పడ్డాయి. అదీ ఇదేనని 1990ల్లో తేలింది. ఈ జబ్బు మీద పేరుపొందిన పరిశోధన కేంద్రం, 1983లో పెట్టిన ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం, మిన్నీ బేకు దగ్గర్లోని డాలీగంజ్‌లోనే ఉంది.

చేయవలసినవి
- కాలువ తీసేటప్పుడు గమ్ బూట్లు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. గాయం మీద నీరు చొరని కట్టు వేసి దిగండి.
- పని కాగానే సబ్బుతో కాళ్లు చేతులు కడుక్కోండి. బీడీ, ఖైనీ, అన్నం, అన్నీ ఆ తర్వాతే.
- వానాకాలంలో ముందు జాగ్రత్త మాత్ర వేసుకోవాలా అని వైద్యుడిని అడగండి. ఉత్తర అండమాన్‌లో జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో డాక్సీసైక్లిన్ ఇన్ఫెక్షన్‌ను ఆపలేకపోయినా, జబ్బుపడేవారి సంఖ్యను తగ్గించింది. సొంతంగా కొనుక్కోకండి. గర్భిణులకు అది పనికిరాదు.
- ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనబడితే చూపించండి. అది గడ్డిలోని సూక్ష్మ పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు.

చేయకూడనివి
- వాన జ్వరమేలే అని రెండు మాత్రలు మింగి పనికి రాకండి. జ్వరంతో పాటు పిక్కలు పీకుతున్నా, కళ్లు ఎర్రబడినా, దగ్గులో రక్తం పడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. బురదలో దిగిన రోజుకూ జ్వరానికీ మధ్య వారం, రెండు వారాలు గడవవచ్చు. అందుకే ఆ రెండింటికీ ముడి ఉందని ఎవరికీ తట్టదు.

ఆ ముడి వైద్యుడికి మీరు చెబితేనే తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు తెలుగు రాకపోవచ్చు. దీవిలో అందరినీ కలిపే మాట హిందీ. కాబట్టి ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ నేర్పండి: "మై ఘాస్ ఔర్ కీచడ్ మే కామ్ కర్తా హూఁ." నేను గడ్డిలో, బురదలో పనిచేస్తాను అని. ఆడవాళ్లు "కర్తీ హూఁ" అనాలి. మాట రాని స్థితిలో మిమ్మల్ని తీసుకెళ్లినప్పుడు, పక్కనున్న పిల్లవాడైనా ఆ మాట చెప్పగలగాలి.